ఐజీఈ ఎక్కువొచ్చిందని పల్లీలు, గుడ్లు బంద్ పెట్టిస్తే ఎట్ల?

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న ఆదివారం మీ ఆరోగ్యం పేజీల అలర్జీల మీద రాసింది చదివిన. రాసిన తీరు మంచిగనే ఉంది గాని నడుమ ఒక డబ్బా కట్టి ఐజీఈ (రక్తంల ఉండే ఒక యాంటీబాడీ, అంటే బయటి వస్తువుల మీద ఒళ్లు పుట్టిచ్చే ప్రొటీన్) 100 దాటితే అలర్జీ ఉన్నట్టేనని పెద్ద అక్షరాలతోని వేసిన్రు, అది చూసినంక ఊకోబుద్ధి కాలె. నేను నల్లగొండల ల్యాబ్ టెక్నీషియన్ని, ఆ టెస్టు రోజూ నడిపేటోళ్లలో ఒకణ్ణి. పేపర్ల వచ్చిందంటే మా దిక్కు జనం నమ్ముతరు సార్, డాక్టర్ మాట కంటే ఎక్కువ నమ్ముతరు, అందుకే ఆ ఒక్క లైన్ మీద దిద్దుబాటు వేయాలని అడుగుతున్న. ఎందుకో జర వివరంగ రాస్త, పొడుగైతే కట్ చేసుకోండి గాని నంబర్లు మాత్రం మార్చకండి.

ఆ 100 యూనిట్లు అన్నది టోటల్ ఐజీఈది. ఒంట్ల ఉన్న ఐజీఈ అంత కలిపితే ఎంత అని చెప్పే లెక్క, అది దేని మీద పుట్టిందో అందుల ఉండదు. ఊరందరి కరెంటు బిల్లు కలిపి చూసి ఎవరి బాయి కాడ మోటర్ నడిచిందో చెప్పమన్నట్టు ఉంటది. పరుపుల, బొంతల దుమ్ముల ఉండే సూక్ష్మ పురుగు మీద పుట్టింది, సర్కారు తుమ్మ పుప్పొడి మీద పుట్టింది, కడుపుల ఉన్న నులిపురుగుల మీద పుట్టింది అన్నీ అండ్లనే కలిసుంటయి. సిగరెట్ తాగేటోళ్లకు గూడ కొంచెం ఎక్కువనే వస్తది. ఇంకో దిక్కు, నిజంగ అలర్జీ ఉండి టోటల్ 40, 50 వచ్చేటోళ్లు గూడ ఉంటరు, వాళ్లకు మీ డబ్బా చదివితే ఏం లేదని ధైర్యం వస్తది, అది ఇంకా డేంజర్.

పురుగుల ముచ్చట మన జిల్లాలల్ల చిన్నది కాదు. దేవరకొండ అవతల ఒక తండా నుంచి ఒక పిల్లగాన్ని తీసుకొచ్చిన్రు, బక్కగ, కండ్ల కింద తెల్లగ పాలిపోయి ఉన్నడు, ఒళ్లంత దురద, అప్పుడప్పుడు దద్దుర్లు. చేతిల ఎక్కడిదో రిపోర్టు, టోటల్ ఐజీఈ 2 వేలు దాటింది. ఆ కాగితం చూసి ఎవరో గుడ్డు, పాలు, పల్లీలు అన్నీ బంద్ పెట్టమన్నరంట, ఆ తల్లి నమ్మి నెలల తరబడి పచ్చిపులుసు అన్నమే పెడుతుంది. ఏం తిన్నంక దద్దుర్లు లేస్తయమ్మ అంటే ఏం తిన్నా తినకున్నా లేస్తయి సార్ అన్నది, ఆ ఒక్క జవాబులోనే సగం ఉంది. మా డాక్టర్ సార్ మలం పరీక్ష రాసిండు. స్లైడ్ పెట్టి చూస్తే కోలగ, పల్చటి పెంకుతోని, లోపల నాలుగైదు కణాల ముద్ద, ముద్దకూ పెంకుకూ నడుమ తెల్లగ ఖాళీ, కొంకి పురుగు గుడ్లు, ఫీల్డ్ జరిపినకొద్దీ కనపడుతున్నయి. చెప్పులు లేకుండ తిరిగే పిల్లలకు పాదాల నుంచి ఎక్కే పురుగు అది, పేగుల కరుసుకొని రక్తం తాగుతది. పురుగులుంటే ఐజీఈ వందలు కాదు వేలల్ల లేస్తది. రక్తం తక్కువైన పిల్లగానికి గుడ్డు, పాలు బంద్ పెట్టిన్రంటే ఏమనాలె. ఫిబ్రవరి 10కి, ఆగస్టు 10కి బడులల్ల, అంగన్‌వాడీలల్ల ఇచ్చే ఆల్బెండజోల్ గోలీ మింగించున్రి అని చెప్పేది ఇందుకే, కొందరు చప్పరించి ఉమ్ముతరు.

బోదకాలు పురుగు గూడ అంతే. మన నల్లగొండ దిక్కు అది ముందు నుంచీ ఉన్నదే. కొందరికి కాలు వాయదు, రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, అచ్చం ఆస్తమా లెక్కనే ఉంటది, ఈసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు వేలల్ల ఉంటయి, ఐజీఈ వెయ్యి దాటి ఉంటది. దానికి మందు వేరు. ఐజీఈ చూసి అలర్జీ అని రాసి ఇన్హేలర్ ఇచ్చి పంపితే అసలు రోగం లోపల్నే ఉంటది.

వయసు సంగతి ఒకటుంది. ఐజీఈ తల్లి నుంచి మాయ దాటి బిడ్డకు పోదు, ఐజీజీ అనే ఇంకో యాంటీబాడీ పోతది గాని ఇది పోదు, అందుకే పుట్టిన బిడ్డకు సున్నాకు దగ్గరుంటది, ఆనక ఏడాదేడాదికి పెరుక్కుంట పదేండ్లు దాటినంక ఒక కాడికి వస్తది. చాన రిపోర్టుల మీద మాత్రం రెండేండ్ల పిల్లకు గూడ పెద్దోళ్ల రేంజే ప్రింటయితది, సాఫ్ట్‌వేర్ల ఒక్కసారి కొట్టి పెట్టింది ఎవ్వరూ మార్చరు. 70 వచ్చిన పసిబిడ్డకు నార్మల్ అని పోతది కాగితం.

ఇగ ఈ ఐజీఈ అంటే ఏందో జర చెప్పాలె, ఎందుకంటే దాని గుణం తెలిస్తే టెస్టు ఎంతవరకు నమ్మాలెనో తెలుస్తది. రక్తంల దీనంత తక్కువుండే యాంటీబాడీ ఇంకోటి లేదు. ఒక యూనిట్ అంటే 2.4 నానోగ్రాములు, అంటే 100 యూనిట్లు వచ్చినోళ్లకు ఒక ఎంఎల్ రక్తంల 240 నానోగ్రాములు. అదే ఎంఎల్ల ఐజీజీ సుమారు 10 మిల్లీగ్రాములు ఉంటది, లెక్క కడితే 40 వేల రెట్లు ఎక్కువ. ఇంత తక్కువుండబట్టే చాన ఏండ్లు దీన్ని ఎవ్వరూ పట్టలేకపోయిన్రు, ఉన్నదని మాత్రం తెల్సు.

ఎట్ల తెల్సంటే, 1921ల జర్మనీల ప్రౌస్నిట్జ్, క్యుస్ట్నర్ అని ఇద్దరు డాక్టర్లు. క్యుస్ట్నర్‌కు చేప పడదు, అది గూడ ఉడికిన చేపనే పడదు, పచ్చిది ఏం చేయదు. ఆయన సీరం (రక్తం గడ్డకట్టినంక మిగిలే పల్చటి నీరు) తీసి ప్రౌస్నిట్జ్ తన పొట్ట చర్మం కింద ఎక్కించుకున్నడు, తెల్లారి అదే జాగల చేప రసం సూది పొడిస్తే దద్దు లేచింది, పక్కన ఉత్త చర్మంల పొడిస్తే ఏం కాలె. అలర్జీ రక్తంల ఉన్న ఏదో వస్తువుతోని ఒకరి నుంచి ఒకరికి పోతదని అట్ల తేలింది. ఇయ్యాల ఆ పని ఎవ్వరూ చేయరు, చేయొద్దు గూడ, కామెర్లు, హెచ్ఐవీ భయం.

ఆ సీరాన్ని 56 డిగ్రీల కాడ కొన్ని గంటలు ఉంచితే ఆ గుణం పోతది, చర్మంల పెడితే దద్దు లేవదు. మేం వీడీఆర్ఎల్ అనే సిఫిలిస్ టెస్టుకు సీరం వేడి చేసే వాటర్‌బాత్ గూడ అదే 56 మీద ఉంటది, అరగంట అంతే, దాని పక్కన నిలబడ్డప్పుడల్లా నాకు ఈ ముచ్చటే యాదికొస్తది. వేడికి చెడేది ఐజీఈ తోక. అలర్జీ తెచ్చే వస్తువును పట్టుకునే చేతులు మిగిలే ఉంటయి గాని మాస్ట్ కణాలు అనే అలర్జీ కణాలకు అతుక్కునే తోక వంకరపోయి మళ్ల సక్కగ కాదు. ఐజీజీకి ఈ బాధ లేదు, అది 56 డిగ్రీలకు నిమ్మలంగనే ఉంటది. ఐజీఈ సైజు గూడ పెద్దదే, ఐజీజీ బరువు లక్షా 50 వేల డాల్టన్లైతే ఇది లక్షా 90 వేల దాక ఉంటది, తోకల ఒక మడత ఎక్కువ, పైన చక్కెరల పూత ఎక్కువ.

ఇంకో గుణం అసలు ముఖ్యం. రక్తంల ఇది నిలవదు, రెండు దినాలకే సగం పోతది, ఐజీజీ అయితే మూడు వారాలు పడతది సగం పోను. గాని చర్మంల, ముక్కుల, ఊపిరితిత్తులల్ల ఉండే మాస్ట్ కణాలకు ఒక్కసారి అతుక్కున్నదంటే వారాల తరబడి వదలదు, అంత గట్టి పట్టు. అక్కడ కూసొని చూస్తుంటది, పుప్పొడో పల్లీ ప్రొటీనో వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను ఒక్కసారే పట్టుకున్నదంటే కణం పగిలినట్టయి హిస్టమిన్ అనే రసాయనం కక్కుతది, దురద, తుమ్ములు, దద్దుర్లు, ఒక్కోసారి ఊపిరాడకపోవుడు, అన్నీ నిమిషాలల్ల. అంటే పని జరిగేది చర్మం కాడ, మేం కొలిచేది రక్తంల మిగిలింది. అందుకే రక్తంల తక్కువొచ్చినా చర్మం మీద టెస్టు పాజిటివ్ వచ్చేటోళ్లు ఉంటరు.

దీన్ని చేతికి చిక్కిచ్చుకున్నది 1966ల అమెరికా డెన్వర్ల కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా, జపాన్ దంపతులు. రాగ్‌వీడ్ అనే పిచ్చిమొక్క పుప్పొడి పడనోళ్ల సీరం తీసుకొని, విడగొట్టుకుంట పోయి, ఏ ముక్కల ఆ గుణం ఉన్నదో సొంత ఒంటి మీదనే సూదులతోని చూసుకున్నరు. ఆ రాగ్‌వీడ్ మన వయ్యారిభామకు సుట్టమే, చామంతి, పొద్దుతిరుగుడు అందరిదీ ఒకటే కుటుంబం. అదే టైముల స్వీడన్ ఉప్సాలల జొహాన్సన్, బెన్నిక్ అనే ఇద్దరికి మైలోమా అనే రక్త క్యాన్సర్ ఉన్న ఒక రోగి రక్తంల ఎవ్వరికీ తెల్వని యాంటీబాడీ కుప్పలుగ దొరికింది. రెండూ ఒక్కటేనని తేల్చుకొని 1968ల డబ్ల్యూహెచ్ఓ మీటింగ్ల ఐజీఈ అని పేరు పెట్టిన్రు. ఉప్సాలోళ్లే 1967ల రాస్ట్ అనే టెస్టు తీసిన్రు, సన్నటి రేణువులకు, ఆనక కాగితం బిళ్లకు పుప్పొడి ప్రొటీన్ అతికించి, దాని మీద సీరం పోసి, అతుక్కున్న ఐజీఈని రేడియోధార్మిక గుర్తుతోని లెక్కపెట్టుడు. ఇయ్యాల ఆ రేడియో ముచ్చట లేదు, వెలుగుతోనో రంగుతోనో కొలుస్తం గాని లోపల పని అదే.

ఈ రకం టెస్టునే స్పెసిఫిక్ ఐజీఈ అంటం, ఇది ఒక్కో వస్తువుకు వేరే వేరే చేసేది. దీని నంబర్ చిన్నగ ఉంటది, 0.35 దాటితే పాజిటివ్ అని పాత లెక్క, కొత్త మిషన్లు 0.1 దాక గూడ కొలుస్తయి. 0.7 నుంచి 3.5 దాక క్లాస్ 2, 3.5 నుంచి 17.5 దాక క్లాస్ 3, ఇట్ల 100 దాటితే క్లాస్ 6. ఇక్కడ జనం ఒకటి అనుకుంటరు, క్లాస్ 4 అంటే క్లాస్ 2 కంటే రెట్టింపు రోగమని. కాదు. నంబర్ ఎక్కువున్నకొద్దీ నిజంగ అలర్జీ ఉండే అవకాశం పెరుగుతది అంతే, ఎంత గట్టిగ వస్తదో అది చెప్పదు, క్లాస్ 2తోని ఆస్పత్రి పాలైనోళ్లు ఉంటరు, క్లాస్ 4 పెట్టుకొని పల్లీలు కమ్మగ తినేటోళ్లూ ఉంటరు. ఐజీఈ ఉండుడు వేరు, తింటే రోగం వచ్చుడు వేరు. రెండో సంగతి రోగిని అడిగితేనే తెలుస్తది, మిషన్‌ను అడిగితే తెల్వదు.

టోటల్ మూడు నాలుగు వేలున్నోళ్లకు స్పెసిఫిక్ల పదో ఇరవయ్యో వస్తువులకు 0.4, 0.5 అని వస్తయి, చాన వరకు ఉత్తగ అంటుకున్నయే. ఇంకోటి, మొక్కల ప్రొటీన్ల మీద ఉండే చక్కెర గొలుసుల మీద గూడ కొందరికి ఐజీఈ పుడతది. గడ్డి పుప్పొడికి పుట్టిన ఆ ఐజీఈ పల్లీల, గోధుమల, టమాటల ఉన్న అదే చక్కెరను పట్టుకుంటది, రిపోర్టుల వరసగ అన్నీ పాజిటివ్ వస్తయి, మనిషి మాత్రం అన్నీ తింటనే ఉంటడు, ఏం కాదు. నిజమైన పల్లీ అలర్జీనో కాదో చూడాలంటే పల్లీల ఉండే అరా హెచ్ 2 అనే ప్రొటీన్ ఒక్కదానికి విడిగ చేసే టెస్టు ఉంది, అది చాన వరకు సంగతి తేల్చుతది, మాసోంటి చిన్న ల్యాబులల్ల అది చేయం, శాంపిల్ హైదరాబాద్ పోవాలె.

మా పని మీద గూడ రెండు మాటలు. ఐజీఈ మరీ ఎక్కువుంటే కొన్ని పద్ధతులల్ల రిపోర్టు ఉల్టా తక్కువ చూపిస్తది, టెస్టుల మేం వాడే, ఐజీఈని రెండు దిక్కుల పట్టుకోవాల్సిన యాంటీబాడీలు విడివిడిగ నిండిపోయి జత కుదరదు. అనుమానమొస్తే సీరం పల్చగ చేసి మళ్ల నడపాలె. ఒక్క పట్టీ మీద ముప్పై గీతలు పెట్టి స్కానర్తోని చదివే టెస్టులు అంచనకు పనికొస్తయి, వాటి మీద పాయింట్ తర్వాత రెండు అంకెలు చూసి భయపడేది లేదు.

ఇంగ నాకు అసలు కోపం తెప్పించేది ఫుడ్ ఇంటాలరెన్స్ (తిండి పడకపోవుడు) ప్యాకేజీలు. రెండు వందల తిండ్లకు ఒక్క రక్తం చుక్కతోని అని ఫోన్లల్ల యాడ్లు వస్తున్నయి, వేలకు వేలు తీసుకుంటున్నరు. అందుల కొలిచేది ఐజీఈ కానే కాదు, ఐజీజీ, లేకపోతే అందులనే ఒక రకమైన ఐజీజీ4. మనం రోజూ తినేదాని మీద ఐజీజీ4 పుడతది, అది తిన్నదానికి గుర్తు, ఒళ్లు దానికి అలవాటు పడ్డదానికి గుర్తు. అలర్జీ మందు సూదులు వేసి నయం చేసేటప్పుడు పెరిగేది గూడ ఐజీజీ4నే. ఐరోపా అలర్జీ డాక్టర్ల సంఘం 2008లనే ఈ టెస్టుతోని తిండి అలర్జీ చెప్పొద్దు అని రాసి ఇచ్చింది. పాలమూరోళ్లకు పల్లీల మీద ఐజీజీ4 రాకపోతే ఎవలకొస్తది? పొద్దుగాల పల్లీ చట్నీ, పండుగొస్తే సర్వపిండి, బెల్లం పల్లీపట్టీ, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు చెల్క నిండ పల్లీనే. ఎర్రరంగుల హై అని కొట్టి వాళ్లనే పల్లీ ముట్టొద్దు అంటున్నరు. మీ పేపర్ల గూడ ఈ యాడ్లు వస్తున్నయి సార్, అది గూడ జర చూసుకోండి.

వయ్యారిభామ మాట ఎత్తిన గదా. కలుపు తీసే ఆడోళ్లకు, గడ్డి కోసేటోళ్లకు మెడ మీద, కండ్ల రెప్పల మీద, మోచేతి మడతలల్ల చర్మం నల్లగ మందంగ అయ్యి రసి కారుతది, ఎండల పోతే ఇంకా మండుతది. వాళ్లు గూడ ఐజీఈ టెస్టుకు వస్తరు. ఆ జబ్బు చాన వరకు ఐజీఈతోని వచ్చేది కాదు, టీ కణాలు అనే తెల్లరక్తకణాలతోని వచ్చేది, నిమిషాలల్ల కాదు ఒకటి రెండు దినాలకు లేస్తది. దానికి చర్మం డాక్టర్ వీపు మీద ప్యాచ్ అతికించి 48 గంటలకు తీసి చూసి, మళ్ల ఇంకో రోజో రెండు రోజులో ఆగి చూస్తడు. రక్తంల ఐజీఈ నార్మల్ వచ్చింది కాబట్టి వయ్యారిభామ కాదు అనుకొని మళ్ల అదే చెల్కల దిగుతున్నరు. అదే మొక్క పుప్పొడితోని ముక్కు కారుడు, తుమ్ములు అయితే ఐజీఈ సంగతే. ఒకటే మొక్క, రెండు తీర్ల రోగం, రెండు వేరే వేరే టెస్టులు. 1955 టైముల పుణె కాడ కనపడ్డదంట ఈ మొక్క, ఇయ్యాల మా కాలనీల ఖాళీ ప్లాటంటే వయ్యారిభామనే.

పరగడుపున రావాల్సిన పని లేదని గూడ రాయండి. కొల్లాపూర్, మర్రిగూడ నుంచి ఫస్ట్ బస్సుకు షుగరున్న ముసలోళ్లు ఏం తినకుండ వచ్చి కూసుంటరు, ఐజీఈకి తిన్నా తినకున్నా ఒకటే. సిట్రిజిన్ గోలీ వేసుకున్నా రక్తం టెస్టుకు ఏం కాదు. చర్మం మీద చుక్కలు పెట్టి సూది గుచ్చే ప్రిక్ టెస్టుకు మాత్రం ఆ గోలీలు వారం ముందే ఆపాలె, డాక్టర్ను అడిగే ఆపాలె, లేకపోతే సరిచూసుకునేందుకు పెట్టే హిస్టమిన్ చుక్క గూడ లేవదు, అది లేవలేదంటే ఆ టెస్టు చెల్లదు. పావుగంట, ఇరవై నిమిషాలల్ల చూసి, ఉత్త సెలైన్ చుక్క కంటే దద్దు 3 మిల్లీమీటర్లు ఎక్కువుంటేనే లెక్క.

ఇదంత చదివి టెస్టులన్నీ దండగ అనుకోవద్దు. ఒక వస్తువు తిన్న కాసేపట్లనే, మహా అంటే రెండు గంటలల్ల, ప్రతీసారి పెదాలు వాచుడు, దద్దుర్లు, వాంతులు, ఊపిరి పట్టేసుడు అయితుంటే అది ఆట కాదు, అప్పుడు స్పెసిఫిక్ ఐజీఈ చేయించాలె, ఆ వస్తువు ఆపాలె. ఊపిరాడనోళ్లకు ముందు పని అడ్రినలిన్ సూది, తొడ కండకు, అవిల్ సూది వేసి కూసోబెట్టుడు సరిపోదు. చవకైన మందే, పీహెచ్‌సీలల్ల ఉండేదే.

కలెక్టర్ సార్లకు, మెడికల్ కాలేజీ ఆస్పత్రులోళ్లకు మీ పేపర్ ద్వార అడిగేది ఒకటే. నల్లగొండలనైనా మహబూబ్‌నగర్లనైనా ప్రిక్ టెస్టు, ప్యాచ్ టెస్టు ఏ వారం చేస్తరో, ఏ రూముల చేస్తరో, ఏ గోలీలు ఎన్ని రోజుల ముందు ఆపాలెనో ఓపీ చిట్టీ రాసే కాడ తెలుగుల బోర్డు పెట్టండి. ప్యాచ్ పెట్టించుకున్నోళ్లు రెండు మూడు మార్లు రావాలె గాబట్టి అచ్చంపేట అవతలి నుంచి వచ్చేటోళ్లకు సోమవారం పెడితే బుధవారం, శుక్రవారం చూసేటట్టు దినాలు కుదుర్చుండ్రి, శుక్రవారం పెట్టి ఆదివారం రమ్మంటే తలుపులు మూసుంటయి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
నల్లగొండ